బావా, డీ7200 తీసుకో

ఏరా బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పాప కులాసాయేనా? నువ్వు పంపిన మెసేజీలు, రెండు కెమెరాల ఫొటోలూ మొన్నే చూశాను. పక్షుల ఫొటోలకు కెనాన్ 200డి మార్క్ 2 కొనాలా, నికాన్ డీ7200 కొనాలా అన్నది ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తా. నికాన్ డీ7200 తీసుకో. ఎందుకో కూడా చెప్పాలి. లేకపోతే రేపు షాపులో ఎవరో ఒకరు కొత్త మోడల్ అని చెప్పి నీ మనసు మార్చేస్తారు.

కెనాన్ 200డి మార్క్ 2 మంచి కెమెరాయే. 2019లో వచ్చింది, డీ7200 కంటే నాలుగేళ్లు చిన్నది. బ్యాటరీ, కార్డుతో కలిపి 449 గ్రాములే, మెడలో వేసుకుంటే బరువే తెలియదు. వెనక స్క్రీన్ పక్కకు తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. వేలితో తాకిన చోట ఫోకస్ చేస్తుంది. స్క్రీన్ చూస్తూ తీసినంతసేపూ దాని ఫోకస్ చాలా చురుకు, మనిషి కన్ను ఎక్కడుందో వెతికి మరీ పట్టుకుంటుంది. పాప డాన్స్ వీడియోలు తీయడమే నీకు ముఖ్యమైతే ఇంకో ఆలోచన లేకుండా అదే కొనమనేవాణ్ణి. 4కే వీడియో ఉందని మాత్రం ఆశపడకు. 4కేలో ఫ్రేము బాగా కోసుకుపోతుంది, పైగా ఆ చురుకైన ఫోకస్ అందులో పనిచేయదు. దాని సత్తా అంతా ఫుల్ హెచ్‌డీలోనే.

అయితే నువ్వు రాసినదాంట్లో ముప్పాతిక వంతు పక్షుల గురించే ఉంది కదరా. చలికాలం ఆదివారాలు కైకలూరు వెళ్లి, కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలో బోటెక్కి గూడబాతుల్నీ ఎర్రకాళ్ల కొంగల్నీ తీయాలన్నావు. సరే, ఆ బోటులోనే కూర్చుని ఆలోచిద్దాం. ఇనప స్టాండ్ల మీద గూళ్లలో కూర్చున్న పక్షుల్ని ఏ కెమెరాతోనైనా తీయొచ్చు. అసలు పరీక్ష అది గాల్లోకి లేచినప్పుడు. బోటు కదులుతుంటుంది, నీళ్ల మీద ఎండ మెరుస్తుంటుంది, నీ వెనక నుంచి ఒక గూడబాతు రెక్కలు చాపి తల మీదుగా వస్తుంది. ఆ వెలుతురులో వెనక స్క్రీన్ మీద ఏమీ కనపడదు. పెద్ద లెన్స్ తగిలించిన కెమెరాను చేతులు చాచి పట్టుకుని స్క్రీన్లో పక్షిని వెతుక్కునేలోపు అది చెట్లు దాటిపోతుంది. కంటికి వ్యూఫైండర్, అంటే కెమెరా వెనక కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, ఆనించి తీయాల్సిందే.

అక్కడే 200డి మార్క్ 2 తేలిపోతుంది. ఈ రెండూ డీఎస్ఎల్ఆర్లే, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ నుంచి చూసేటప్పుడు బొమ్మను పట్టే సెన్సార్ ముందు అద్దం అడ్డంగా ఉంటుంది. అద్దం పైకి లేచి స్క్రీన్ మీద బొమ్మ వచ్చినప్పుడే సెన్సార్ స్వయంగా ఫోకస్ చేయగలదు. అద్దం కిందికి దిగి ఉన్నంతసేపూ ఆ పని చేసేది కెమెరా అడుగున ఉండే వేరే ఫోకస్ విభాగం. అంటే కంటిని పట్టుకునే ఆ తెలివంతా వ్యూఫైండర్లో నీకు అక్కరకు రాదు. అందులో ఉన్నవి తొమ్మిదే ఫోకస్ పాయింట్లు, అవీ మధ్యలో కుదురుకుని ఉంటాయి. డీ7200లో 51 ఉన్నాయి, వాటిలో 15 క్రాస్ రకం, అంటే అడ్డగీతనైనా నిలువుగీతనైనా పట్టుకునేవి. పక్షి మధ్య నుంచి కాస్త పక్కకు జరిగినా ఇంకో పాయింటు అందుకుంటుంది.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. డీ7200లో 1.3 క్రాప్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే సెన్సార్ మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది. ఫొటో సుమారు 15 మెగాపిక్సెల్ వస్తుంది, సెకనుకు 7 ఫొటోలు తీస్తుంది, ఫోకస్ పాయింట్లు దాదాపు ఫ్రేమంతా పరుచుకుంటాయి. 300 ఎంఎం లెన్స్ ఈ సెన్సార్ మీద మామూలుగానే 450 లాగా చూస్తుంది. ఈ సెట్టింగ్‌లో 600కి దగ్గరగా వెళ్లిపోతుంది. తర్వాత కంప్యూటర్లో కత్తిరించుకున్నా అంతేగా అంటావేమో. ఫొటో వరకు అంతే. ఎగిరే పక్షి ఫ్రేములో ఏ మూలకు పోయినా దాని మీద ఫోకస్ పాయింటు ఉండటం మాత్రం కంప్యూటర్ ఇవ్వలేదు.

వ్యూఫైండర్ కూడా కంటికి పెట్టుకుని చూస్తే తేడా నీకే తెలుస్తుంది. కెనాన్‌లో చిన్నగా, కాస్త మసకగా ఉంటుంది, తీయబోయే ఫ్రేములో 95 శాతమే కనిపిస్తుంది. నికాన్‌లో గాజు పెంటాప్రిజం (బొమ్మను కంటికి చేర్చే గాజు దిమ్మ), ఫ్రేము నూటికి నూరు శాతం కనిపిస్తుంది. గంటల తరబడి ఒంటికన్నుతో చూసేవాడికి ఇది చిన్న విషయం కాదు. ముందొకటి వెనకొకటి రెండు డయల్స్ ఉంటాయి కాబట్టి కన్ను తీయకుండానే షట్టర్ వేగం, ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే కన్నం) మార్చుకోవచ్చు. దుమ్ము, తేమ లోపలికి పోకుండా బాడీకి సీలింగ్ ఉంది, రెండు కార్డులు పెట్టుకోవచ్చు. బరువు మాత్రం 765 గ్రాములు. పొద్దుటంతా మోస్తే భుజం లాగుతుంది, అది నిజం.

ఇక డబ్బు సంగతి. 45 వేలు దాటకూడదన్నావు. నీకు చెప్పిన ధరల్లో కెనాన్ 18-55 లెన్స్‌తో 38 వేలు, నికాన్ ఉత్త బాడీ 28 వేలు. రెండూ సెకండ్ హ్యాండే. కెనాన్‌తో లెన్స్ వస్తోంది కదా అని నీ మనసు అటు లాగుతోంది. ఆ 18-55తో ఆటపాకలో ఏం చేస్తావు? చెరువు వస్తుంది, ఆకాశం వస్తుంది, పక్షి చుక్కలాగా వస్తుంది. ఇంట్లో ఫొటోలకు ప్రస్తుతానికి ఫోన్ చాలు. మిగిలే 17 వేలూ లెన్స్ మీదే పెట్టు. నికాన్ పాత ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉన్నది) ఉంటుంది చూడు, ఎఫ్4.5-5.6ది, 2006లో వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది. 300 దగ్గర కొంచెం మెత్తగా ఉంటుంది. ఎపర్చర్ కాస్త మూసి ఎఫ్8 పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఆటపాక ఎండలో ఎఫ్8 పెట్టడానికి వెలుతురుకు కొదవేముంది?

ఏఎఫ్-పీ 70-300 డీఎక్స్ అని ఇంకొకటి చూపిస్తారు. తేలికగా ఉంటుంది, ఫొటో కూడా బాగుంటుంది. అయితే డీ7200లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తేగానీ అది సరిగ్గా పనిచేయదు. చేసినా అందులో వీఆర్ ఆపడానికి వీలుండదు, ఎందుకంటే లెన్స్ మీద స్విచ్ లేదు, ఈ కెమెరా మెనూలోనూ ఆ ఆప్షన్ లేదు. ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు పెట్టినప్పుడు వీఆర్ అక్కర్లేదు, ఆపేసుకుంటేనే నయం. అందుకే స్విచ్ ఉన్న పాతదే చూసుకో.

న్యాయంగా చెప్పాలంటే కెనాన్ 55-250 ఎస్‌టీఎం ముచ్చటైన లెన్స్. 375 గ్రాములే, ధరకు మించిన పదును. 250 దగ్గర నికాన్‌దాని కంటే అదే మెరుగని కూడా అంటాను. ఒడ్డున నిలబడి గూళ్లను తీసేవాడికి ఆ జోడీ చాలు. నీకు ఎగిరేవి కావాలి, అందుకే ఇంత చెబుతున్నాను.

డీ7200లో నాకు అన్నిటికంటే నచ్చేది ఫైలు. గూడబాతు తెలుపు, పైన ఎండ. తెలుపు తెల్లకాగితంలా మాడిపోకూడదని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే రెక్కల కింద నల్లబడిపోతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) 100, 200లో రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) తీసి, ఆ నలుపును కంప్యూటర్లో పైకి లేపి చూడు. రెక్క లోపలి ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా, ఇసక చల్లినట్టు నూక (నాయిస్) పడకుండా బయటికి వస్తాయి. పదేళ్లు దాటిన సెన్సార్ అయినా ఈ పనిలో దానికి ఇప్పటికీ పేరుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌ల పని అయిపోయింది, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కో అని మీ ఆఫీసులో ఎవరో అన్నారని రాశావు. మాట నిజమే. నికాన్, కెనాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. కానీ అందరూ అటు వెళ్తున్నారు కాబట్టే ఒకప్పుడు మనం షాపు అద్దాల్లోంచి చూసి వచ్చేసిన కెమెరా ఇవాళ మన చేతికి అందుతోంది. నికాన్ ఎఫ్ మౌంట్, అంటే లెన్స్ తగిలించే అమరిక, 1959 నుంచి ఉంది, సెకండ్ హ్యాండ్ లెన్స్‌లకు కరువు లేదు. పైగా డీ7200 బాడీలోనే ఫోకస్ మోటారు ఉంది. రేపు పాప ఫొటోల కోసం పాత 50 ఎంఎం ఎఫ్1.8డి లెన్స్ చవగ్గా కొనుక్కుంటే దీని మీద ఆటోఫోకస్ అవుతుంది. అదే నికాన్‌దే అయిన డీ5600 మీదైతే చేత్తో తిప్పుకోవాల్సిందే.

కొనేటప్పుడు మాత్రం తొందరపడకు. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో, నికాన్ కెమెరా ప్రతి ఫొటో ఫైలులోనూ రాసి పెడుతుంది. అప్పటికప్పుడు ఒక ఫొటో తీయించి అసలు ఫైలు తీసుకో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమను. షట్టర్‌ను లక్షా 50 వేల సార్లకు పరీక్షించామని కంపెనీ మాట. 40, 50 వేల లోపు ఉంటే నిశ్చింత. ఎఫ్16 పెట్టి తెల్లగోడను ఒక ఫొటో తీయి, సెన్సార్ మీద మరకలుంటే నల్లచుక్కలు కనిపిస్తాయి. దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు, గీత పడితే వదిలెయ్. రెండు కార్డు స్లాట్లూ పనిచేస్తున్నాయో లేదో చూడు, చేతిపట్టు రబ్బరు ఊడుతోందేమో నొక్కి చూడు.

లెన్స్ దగ్గర ఇంకా జాగ్రత్త. మన వైపు గాలిలో తేమకు ఫంగస్ త్వరగా పడుతుంది. ముందూ వెనకా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడు. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే పరవాలేదు, వాటివల్ల ఫొటోకేం కాదు. కొన్నాక కూడా బీరువాలో బట్టల మధ్య పెట్టకు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచు.

అన్నట్టు, ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతోందని అనిపిస్తే కంగారుపడకు. డీ7200 మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది, లెన్స్‌కు తగ్గట్టు సరిచేసుకోవచ్చు. 200డి మార్క్ 2లో ఆ సౌకర్యం లేదు.

బాడీ చూడ్డానికి వెళ్లే రోజు ముందుగా ఒక మాట చెప్పు, వీడియో కాల్లో నేనూ చూస్తాను. చేతికి రాకముందే అడ్వాన్స్ అడిగితే పైసా కూడా పంపకు. లెన్స్‌కు ఇటు కోఠీలో రెండు మూడు చోట్ల అడిగి పెడతాను, మంచిది దొరికితే సంక్రాంతికి వచ్చేటప్పుడు నేనే పట్టుకొస్తా. కనుమ మర్నాడు ఖాళీ ఉంచుకో, ఆటపాక వెళ్దాం.

ఇట్లు
నీ బావ