గుణుపురం తమ్ముడికి, బరంపురం మాస్టారికి, మా వదినకి కృతజ్ఞతలు

అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ కార్డు పనిచేయడం మానేసిన నా ఎడిటింగ్ సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టకుండా నిలబెట్టారు ఈ ముగ్గురూ. ఫోన్లో థాంక్స్ చెప్పి ఊరుకుంటే సరిపోయే సాయం కాదది. అందుకే అందరి ముందూ చెప్పుకుంటున్నాను. ఏం జరిగిందో కూడా వివరంగా రాస్తాను, మన వైపు లినక్స్ వాడేవాళ్లకు పనికొస్తుంది.

మాది పర్లాకిమిడి. మా ఆయన పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తారు. ఎడిటింగంతా నాది. ఒడియావాళ్ల పెళ్లిళ్లు సంక్రాంతి దాటగానే మొదలవుతాయి, మన తెలుగువాళ్లు మాఘమాసం కోసం ఆగుతారు. దాంతో జనవరి నుంచి మాకు ఊపిరాడదు. ఒకే వీడియోలో పెళ్లికొడుకు పేరు ఒడియాలో, పెళ్లికూతురు పేరు తెలుగులో వేయాల్సిన సంబంధాలు కూడా ఇక్కడ మామూలే. నేను విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్ మీద, కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. రెండు లిపులూ ఒత్తులు చెదరకుండా వస్తాయి, లైసెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ.

2024 జనవరిలో మామూలు అప్‌డేట్‌లోనే కెర్నెల్, అంటే సిస్టమ్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్, 6.2 నుంచి 6.5కి మారింది. రీస్టార్ట్ చేశాక తెర మీద అక్షరాలన్నీ ఇంతింత లావు. రిజల్యూషన్ 1024 బై 768 దగ్గర ఆగిపోయింది, మార్చుకుందామంటే ఇంకో అంకె లేదు. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్న చోట ఎన్విడియా పేరు లేదు, ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంది. అంటే కార్డు ఖాళీగా కూర్చుంది, బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. టైమ్‌లైన్ మీద హాతగంఠి (ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు) సీను ప్లే చేస్తే ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. ఆ పెళ్లికొడుకు సూరత్‌లో పవర్‌లూమ్ పనికి తిరిగి వెళ్లిపోయేలోపు వీడియో చేతికివ్వాలి. నా టెన్షన్ అంతా అదే.

సిస్టమ్‌ను ఒక సర్వీస్ షాపుకి పంపితే, వాళ్లు బయోస్‌ను, అంటే సిస్టమ్ ఆన్ అవగానే మొదట నడిచే సెట్టింగ్స్‌ను, డిఫాల్ట్‌కి మార్చి చూసి, లాభం లేదు, ఫార్మాట్ కొట్టాలి అన్నారు. అప్పుడే మా పాతపట్నం వదిన ఫోన్ చేసింది. "ఫార్మాట్ మాట ఎత్తకు. మా తోటికోడలి కొడుకు గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాణ్ణి అడుగుదాం" అంది. అని ఊరుకోలేదు, తన ల్యాప్‌టాప్‌ను ఆటోలో మా ఇంటికి పంపేసింది. ఆ ల్యాప్‌టాప్ లేకపోతే ఎవరికి ఏ ఫొటో పంపాలన్నా ఫోన్ ఒక్కటే దిక్కయ్యేది.

తమ్ముడు మొదట అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "అక్కా, ఏదీ తీసేయకండి. సిస్టమ్ ఏం చెబుతోందో ముందు చదువుదాం." ఏ కెర్నెల్ నడుస్తోందో చెప్పే యూనేమ్ కమాండ్ కొట్టించాడు, 6.5 అని వచ్చింది. కార్డు వివరాలు చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ కొడితే, డ్రైవర్‌తో (కార్డుని నడిపే ప్రోగ్రామ్) మాట్లాడలేకపోతున్నానని వచ్చింది. డీకేఎంఎస్ స్టేటస్ చూపించమన్నాడు. అందులో 535 డ్రైవర్ 6.2కి మాత్రమే ఇన్‌స్టాల్ అయినట్టు ఉంది, 6.5 ఊసే లేదు. ఎన్విడియా మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్‌లో కెర్నెల్‌లోకి ఎక్కే భాగాన్ని, ఏ కెర్నెల్‌కి ఆ కెర్నెల్‌కి విడిగా కంపైల్ (తయారు) చేయాలట. ఒకరి కొలతకి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టనట్టే, 6.2కి తయారైన మాడ్యూల్ 6.5లో ఎక్కదు. కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ పని మనకు తెలియకుండా చేసిపెట్టేదే డీకేఎంఎస్. ఈసారి ఆ పని మధ్యలో ఆగిపోయింది.

ముందు నా పని ఆగకూడదని, సిస్టమ్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత 6.2తో బూట్ చేయమన్నాడు. దానికి తయారైన డ్రైవర్ చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి నడవాలి. నడవలేదు! తమ్ముడి స్థానంలో ఇంకొకడైతే అక్కడే ఫోన్ పెట్టేసేవాడు. ఇతను మర్నాడు ప్యాసింజర్ రైలెక్కి పర్లాకిమిడి వచ్చేశాడు.

వచ్చి నా పక్కన కూర్చుని, డీకేఎంఎస్ ఫోల్డర్లో ఉన్న మేక్ లాగ్ ఫైలు తెరిచి పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. తలా తోకా తెలియని ఆ వరసల్లో పైనే ఒక హెచ్చరిక ఉంది. ఈ కెర్నెల్‌ను జీసీసీ (ప్రోగ్రాములను తయారుచేసే కంపైలర్) 12తో తయారు చేశారు, మీరు వాడుతున్నది జీసీసీ 11 అని. కింద ఒకే ఎర్రర్ మళ్లీ మళ్లీ ఉంది, ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్ అనే ఆప్షన్ నాకు తెలియదని కంపైలర్ మొరపెట్టుకుంటోంది. ఆ ఆప్షన్ జీసీసీలోకి వచ్చిందే 12తో. విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుల్స్‌లో పాత చెత్త మిగలకుండా సున్నాతో నింపుతుందట, భద్రత కోసం. ఉబుంటు 22.04లో మామూలుగా ఉండేది జీసీసీ 11. కొత్త కెర్నెల్ అడిగేది దానికి రాదు. తప్పు కార్డుదీ కాదు, డ్రైవర్‌దీ కాదు. ఫార్మాట్ కొట్టి మళ్లీ 22.04, ఇదే కెర్నెల్, డీకేఎంఎస్‌తో ఇదే డ్రైవర్ వేసుకున్నా తిరిగి ఇక్కడికే వచ్చేదాన్ని. నా డేటా మాత్రం పోయేది.

జీసీసీ 12 వేసి, సిస్టమ్ దాన్నే వాడేలా అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో మార్చి, మాడ్యూల్‌ను మళ్లీ బిల్డ్ చేశాడు. ఒక్క ఎర్రర్ లేకుండా అయింది. అయినా మాడ్యూల్‌ను కెర్నెల్‌లోకి ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే, తాళంచెవి తిరస్కరించబడింది అన్న అర్థంలో ఒక్క వాక్యం ఇచ్చి ఊరుకుంది.

అప్పుడు తమ్ముడు బరంపురంలో తనకు చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ కలిపాడు. ఆయన నాతోనే మాట్లాడారు. "అమ్మా, ఈ మధ్య బయోస్‌లో ఎవరైనా చేయి పెట్టారా?" అని అడిగారు. షాపు సంగతి చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో చూస్తే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. మా సిస్టమ్‌లో అది మొదటినుంచీ ఆఫ్‌లోనే ఉండేది. బయోస్ డిఫాల్ట్‌కి మారడంతో ఆన్ అయింది. ఆన్‌లో ఉంటే, తను నమ్మే తాళంచెవితో సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. పాత 6.2 ఎందుకు మొరాయించిందో కూడా అప్పుడే తేలింది. అసలు జబ్బు ఒకటైతే, దాని మీద ఇంకొకటి కూర్చుంది. ఒక్కదాన్నే వెతికితే రెండూ దొరకవు.

సెక్యూర్ బూట్ మళ్లీ ఆఫ్ చేస్తే చాలు కదా అన్నాను. "ఆన్ అయింది కదా, ఉంచుదాం, మీ తాళంచెవినే నమోదు చేద్దాం" అన్నారు. రీస్టార్ట్ కొట్టాక నీలం స్క్రీన్ వస్తుందని, పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కకపోతే దాటిపోతుందని ముందే చెప్పి, లైన్లోనే ఉన్నారు. ఎన్‌రోల్ మోక్ (మోక్ అంటే మన తాళంచెవే), కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్. ఒక్కొక్కటీ నేను పైకి చదువుతుంటే ఆయన ఊఁ కొడుతున్నారు. సిస్టమ్ లేచింది, అక్షరాలు మామూలు సైజుకి వచ్చాయి. ఎన్విడియా-ఎస్‌ఎంఐ కొడితే 1050 టీఐ పేరుతో పట్టిక వచ్చింది. తమ్ముడూ నేనూ ఒకేసారి గట్టిగా అరిచాం, మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

మాస్టారు ఇంకో మంచి మాట చెప్పారు. డీకేఎంఎస్ మీద ఆధారపడకుండా, ఉబుంటు వాళ్లే కెర్నెల్‌తోపాటు కంపైల్ చేసి సంతకం పెట్టి ఇచ్చే ఎన్విడియా మాడ్యూల్స్ ప్యాకేజీ వేసుకోమన్నారు. అలా అయితే కంపైలర్ గొడవా ఉండదు, తాళంచెవి గొడవా ఉండదు. 2022లో ఎన్విడియా కోడ్‌తో సహా బయటపెట్టిన ఓపెన్ మాడ్యూల్స్ వాడొచ్చా అని అడిగాను. అవి ట్యూరింగ్ తరం కార్డుల నుంచే పనిచేస్తాయి, 1050 టీఐ అంతకు ముందు తరం పాస్కల్ అన్నారు.

వీడియో పెళ్లికొడుకు సూరత్ బండి ఎక్కకముందే చేతికిచ్చాం. అందులో ఈ ముగ్గురి పేర్లూ లేవు, కానీ ఆ పని జరిగింది వాళ్ల వల్లే. వదినా, ల్యాప్‌టాప్ ఆదివారం నేనే తెచ్చిస్తాను. మాస్టారూ, మీ టైము తీసుకున్నందుకు నమస్కారాలు. తమ్ముడూ, రైలు ఖర్చు కూడా తీసుకోలేదు నువ్వు, అది నీకు నా బాకీ.

చేసిన పనంతా వరసగా తెలుగులో కాగితం మీద రాసిపెట్టాను, ఒడియాలో తమ్ముడు రాస్తానన్నాడు. కావలసినవాళ్లు స్టూడియోకి వచ్చి ఫొటో తీసుకోండి. సిస్టమ్ కూడా తెచ్చుకుంటే పక్కన కూర్చుని చూస్తాను.