ఒకే సీసాకు ఎన్ని ధరలు?

సంపాదకుల వారికి నమస్కారం.

పెద్ద కంపెనీల వ్యాపార వ్యూహాల గురించి మీ పత్రికలో వచ్చే వార్తల్లో త్రైమాసిక ఫలితాలు, క్విక్ కామర్స్ (యాప్‌లో ఆర్డర్ పెడితే నిమిషాల్లో ఇంటికి చేర్చే వ్యాపారం) అమ్మకాలు, కొత్తగా తెరిచిన డార్క్ స్టోర్ల (ఆ యాప్‌ల గొడౌన్ల) వివరాలు వస్తుంటాయి గానీ, ఆ సరుకును వీధి చివరి కిరాణా కొట్టు దాకా చేర్చే డిస్ట్రిబ్యూటర్ ప్రస్తావన అరుదుగా కనిపిస్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లో 22 ఏళ్లుగా సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు పంపిణీ చేస్తున్నవాణ్ణి కాబట్టి, కంపెనీల కార్యాలయాల్లో తయారయ్యే వ్యూహం మా గొడౌన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సరుకు ఫ్యాక్టరీ నుంచి కంపెనీ ఏజెంటు నడిపే సి అండ్ ఎఫ్ గొడౌన్‌కు, అక్కడి నుంచి మాకు, మా ఆటోల్లో కొట్లకు వెళ్తుంది. కంపెనీకి మేము ముందే డబ్బు కట్టాలి. కొట్టువాళ్లకు మాత్రం వారం పది రోజులు, పండగ సీజన్‌లో ఇంకా ఎక్కువ, అరువివ్వాలి. మాకు దక్కే మార్జిన్ సాధారణంగా 3 నుంచి 5 శాతం. గొడౌన్ అద్దె, సేల్స్‌మన్ల జీతాలు, ఆటో కిరాయి, ఓవర్‌డ్రాఫ్టు అప్పు మీద బ్యాంకు వడ్డీ అన్నీ అందులోంచే పోవాలి. నెలాఖరున టార్గెట్ కోసం ఏరియా మేనేజర్ బతిమాలో, ఒత్తిడి చేసో దింపించే సరుకు కంపెనీ పుస్తకాల్లో ఆ రోజే అమ్మకం కింద చేరుతుంది, మా దగ్గర మాత్రం అట్టపెట్టెల్లోనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న ఈ సరుకుల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించడం ప్రజలకు మేలు చేసింది, అందులో సందేహం లేదు. అయితే 18 శాతం పన్ను కట్టి కొన్న నిల్వలను 5 శాతంతో అమ్మవలసి రావడంతో, ఆ తేడా మా పన్ను ఖాతాలో జమగా చిక్కుకుని, పెట్టుబడి అంతమేరకు కదలకుండా పోయింది.

ఇవన్నీ వ్యాపారంలో భాగమేనని సరిపెట్టుకోగలం. సరిపెట్టుకోలేనిది ధరల తేడా. ఈమధ్య బాకీ వసూలుకని పటమటలో ఒక కొట్టుకు నేనే వెళ్లాను. కొట్టు నడిపే ఆవిడ మా బిల్లును గల్లాపెట్టె మీద పరిచి, పక్కనే తన ఫోన్ పెట్టారు. బిల్లులో ఒక షాంపూ సీసా ఆవిడకు 164 రూపాయలకు పడింది. ఫోన్‌లోని క్విక్ కామర్స్ యాప్‌లో అదే కంపెనీ, అదే సైజు సీసా, ఇంటికి తెచ్చి ఇచ్చి 149 రూపాయలు. “మీ దగ్గర కొనే బదులు నేను కూడా ఇందులోనే తెప్పించుకుంటే నయం కదండీ?” అని అడిగారు. ఆ మాటలో కోపం లేదు, లెక్కే ఉంది. ఆ సీసా నాకే 157కి వచ్చింది కాబట్టి ఏమీ చెప్పలేకపోయాను.

ప్యాకెట్టు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలనీ, అంతకు మించి అమ్మకూడదనీ తూనికలు కొలతల నియమాలు చెబుతాయి. సూపర్ మార్కెట్‌కు ఒక ధరకు, క్విక్ కామర్స్‌కు మరో ధరకు, కిరాణాకు ఇంకో ధరకు కంపెనీ సరుకు ఇవ్వకూడదని వాటిలో ఎక్కడా లేదు. మార్కెట్లో పోటీని కాపాడే 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద ఒక కంపెనీ ధరల వివక్షను ప్రశ్నించాలంటే, ఆ కంపెనీకి మార్కెట్ మీద ఆధిపత్యం ఉందని ముందుగా తేలాలి. వన్‌టౌన్ వ్యాపారికి అది అయ్యే పని కాదు. లారీల లెక్కన కొనేవారికి కొంత తగ్గింపు ఇవ్వడం న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ వినియోగదారు చెల్లించే ధర డిస్ట్రిబ్యూటర్ కొనుగోలు ధర కన్నా దిగువకు పోయిందంటే, దాన్ని పరిమాణాన్ని బట్టి ఇచ్చే తగ్గింపు అనలేం. అక్కడ ఒక దారికి డబ్బు పోసి రెండో దారిని ఎండగడుతున్నారు. ఇదే బాధతో అఖిల భారత డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య 2021 చివర్లో కంపెనీలకు లేఖలు రాసింది. 2022 జనవరిలో మహారాష్ట్రలో కోల్గేట్ సరుకులు కొన్నింటి సరఫరాను డిస్ట్రిబ్యూటర్లు ఆపారు. 2024లో క్విక్ కామర్స్ సంస్థల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. మాకు పడే బిల్లులో మాత్రం ఇంతవరకు మార్పు రాలేదు.

ఇక్కడ విజయవాడను ముంచిన 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వాగు వరదను గుర్తుచేయక తప్పదు. సింగ్‌నగర్, పాయకాపురం వైపు మాకు రెండు బీట్లు (సేల్స్‌మన్ తిరిగే కొట్ల వరసలు) ఉన్నాయి. నీళ్లు తీశాక మా సేల్స్‌మన్‌తో కలిసి వెళ్తే, కొట్లలో బిస్కెట్ ప్యాకెట్లు బురదలో ముద్దలై ఉన్నాయి, సబ్బుల అట్టలు చేత్తో ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. ఒక కుర్రాడు అరువు పుస్తకం ఎండలో ఆరబెడుతూ, “బాబాయ్, నీ బాకీ ఎక్కడికీ పోదు, కానీ కొట్టు తెరవాలంటే ముందు సరుకు కావాలి” అన్నాడు. పాత బాకీ పక్కన పెట్టి, ఆ బీట్లలోని కొట్లన్నిటికీ మళ్లీ అరువిచ్చాం. నేను పంపిణీ చేసే ఒక పెద్ద కంపెనీకి తడిసిన సరుకు ఫొటోలతో సహా క్లెయిమ్ పంపితే, ఎక్స్‌పైరీకి, రవాణా డ్యామేజీకి తప్ప తమ పాలసీలో వీలు లేదని జవాబు వచ్చింది. ఆ నెల టార్గెట్ కూడా తగ్గించలేదు. ఆ వీధుల్లో తమ సరుకు మళ్లీ అరలకెక్కడానికి ఎవరి డబ్బు ఆదుకుందో ఆ కంపెనీ ఏ లెక్కలోనూ రాసుకోలేదు.

కిరాణా విలువ కంపెనీలకు తెలియనిది కాదు. రూపాయి షాంపూ ప్యాకెట్టు ఊరూరికీ వెళ్లింది చిన్న కొట్ల మీదుగానే. హిందుస్థాన్ లీవర్ ఒకప్పుడు నల్గొండ జిల్లా పల్లెల్లో స్వయం సహాయక సంఘాల మహిళల చేత ఇంటింటికీ సరుకు అమ్మించి, ఆ పద్ధతినే ‘శక్తి’ పేరుతో దేశమంతా విస్తరించింది. ఇప్పుడు కొట్టువాళ్లు నేరుగా ఆర్డర్ పెట్టే యాప్‌లు వచ్చాయి. అవి మంచివే, ఆర్డర్లు తప్పిపోవడం తగ్గింది. కాకపోతే ఏ కొట్టులో ఏది ఎంత పోతుందన్న వివరమంతా కంపెనీ చేతికి చేరాక, డెలివరీ, అరువు, వసూలు మాత్రమే మాకు మిగులుతున్నాయి.

మరో మాట. కంపెనీ ప్రకటించే స్కీమ్ డిస్కౌంటును ముందు మేము కొట్టుకు ఇచ్చి, తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. అది చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతోంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. 2021 జులైలో టోకు, చిల్లర వ్యాపారులను ఎంఎస్‌ఎంఈల కిందికి తెచ్చినప్పుడు ఆ గుర్తింపును బ్యాంకులు ప్రాధాన్యంతో ఇవ్వవలసిన ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేయడంతో, ఈ రక్షణ మాకు అందలేదు. కేంద్రం దీన్ని సవరించి, డిస్ట్రిబ్యూటర్ల క్లెయిములకు కూడా గడువు విధించాలి. కంపెనీలు ఒకే సైజు ప్యాకెట్టుకు ఏ దారిలో ఎంత తగ్గింపు ఇస్తున్నాయో తమ డిస్ట్రిబ్యూటర్లకు రాతపూర్వకంగా చెప్పాలి. క్విక్ కామర్స్‌ను ఆపమని మేము అడగడం లేదు, ఆ సీసాను అదే ధరకు అమ్మే వీలు మాకూ, పటమట కొట్టు ఆవిడకూ కల్పించమంటున్నాం.

వచ్చే త్రైమాసికంలో కంపెనీల ఫలితాలు రాసేటప్పుడు, అమ్మకాల్లో ఎంత సరుకు ఇంకా డిస్ట్రిబ్యూటర్ల గొడౌన్లలోనే ఉందో, ఎన్ని క్లెయిములు చెల్లించకుండా ఉన్నాయో కూడా అడిగి రాయవలసిందిగా మీ విలేకరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిస్ట్రిబ్యూటర్,
వన్‌టౌన్, విజయవాడ