కోటిపల్లి–నరసాపురం లైనుకు తేదీ చెప్పండి: రైల్వే నిర్మాణ విభాగం ఉన్నతాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక, కోనసీమ ప్రజల సాక్షిగా ఈ లేఖ రాస్తున్నాను.

కోటిపల్లి–నరసాపురం మధ్య 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకర్, మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు దీనికోసం పట్టుబట్టారు. కాకినాడ–కోటిపల్లి రైలు 2004లో తిరిగి వచ్చింది. కోటిపల్లి దాటాక ఈ కొత్త లైను మీద వచ్చే అమలాపురానికి మాత్రం రైలు ఇంకా రాలేదు.

గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటాలి. పని కష్టమని మాకూ తెలుసు. అయినా ఆలస్యమంతా గోదావరి మీదకు నెట్టడం న్యాయం కాదు. నదిలో స్తంభాలు లేచినా, ఒడ్డున భూమి చేతికి రాకపోతే పట్టాలు పడవు. పట్టాలు లేనిదే సిగ్నళ్లు లేవు, రైళ్లు నడిపే ముందు జరగాల్సిన భద్రతా కమిషనర్ తనిఖీ లేదు. భూసేకరణ, రాష్ట్రం వాటా నిధులు, టెండర్లు ముందే కలిపి ప్లాన్ చేయాల్సిన పనులు.

గల్ఫ్‌కు పనికి వెళ్లే ఆడవాళ్లు సామాన్లతో బస్సెక్కి రాజమండ్రి లాంటి స్టేషన్ చేరితే గానీ రైలు దొరకదు. హైదరాబాద్‌లో వైద్యానికి వెళ్లే ముసలివాళ్లదీ అదే టెన్షన్. లైను వెళ్లే దారిలో (అలైన్‌మెంట్‌లో) పొలం పడ్డ రైతు బాధ వేరు. అమ్ముదామంటే కొనేవాడుండడు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఏ ధైర్యంతో నాటాలి?

భూమి, వంతెనలు, పట్టాలు, విద్యుదీకరణ, ఒక్కో పనికి గడువు, బాధ్యుడైన అధికారి పేరు తెలుగులో ప్రకటించండి. మూడు నెలలకోసారి అమలాపురంలో ప్రజల ముందు పురోగతి చెప్పించండి. నెలలోగా రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
కోనసీమ వాసి