శ్రీకాకుళం సైకిల్ షాపు తాతకు

రాత్రి పదకొండు దాటింది. పొద్దున్న నాలుగున్నరకల్లా అరసవల్లి గుడి ముందు ఉండాలి. ఇప్పుడు పడుకోకపోతే రేపు టెక్కలి దాకా కూడా తొక్కలేనని తెలుసు. కానీ ఇది రాయకపోతే ఎలాగూ నిద్ర పట్టదు. చేతులకు అంటిన గ్రీజు సర్ఫు పెట్టి తోమినా పోలేదు, ఫోన్ నిండా మరకలే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మేం నలుగురం. ఇద్దరమ్మాయిలం, ఇద్దరబ్బాయిలు. అరసవల్లి నుంచి కోణార్క్ దాకా సైకిళ్ల మీద వెళ్లాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నాం. సూర్యుడి గుడి దగ్గర మొదలుపెట్టి సూర్యుడి గుడి దగ్గర దిగడం అన్నమాట. రెండూ తూర్పు గాంగుల గుళ్లేనని, వాళ్ల పాత రాజధాని కళింగనగరం ఈ జిల్లాలోని శ్రీముఖలింగమేనని మాలో చరిత్ర పిచ్చి ఉన్నవాడు చెప్పినప్పుడు, టీ కొట్టు దగ్గర అందరం ఊగిపోయాం. మూడు వందల కిలోమీటర్ల పైనే. మొదటిరోజు పలాస, రెండోరోజు ఇచ్ఛాపురం దాటి బరంపురం, ఆ తర్వాత చిలికా, సైకిళ్లతో సహా పడవెక్కి అవతల సాతపాడాలో దిగితే పూరీ, అక్కణ్నుంచి సముద్రం పక్కనే కోణార్క్. కాగితం మీద చాలా అందంగా ఉంది.

డబ్బులు తక్కువ కాబట్టి దారి పొడవునా కౌచ్‌సర్ఫింగ్‌లో (ప్రయాణికులను తమ ఇంట్లో ఊరికే ఉండనిచ్చే వాళ్లు దొరికే యాప్) దొరికిన వాళ్ల ఇళ్లలోనే ఉండాలని అనుకున్నాం. శ్రీకాకుళంలో రెండు రాత్రులు ఉండనిస్తే చాలని ఒక అన్నయ్యను అడిగాం. ఇవాళ్టికి ఆరు రాత్రులైంది. దానికి కారణం నా సైకిల్.

మిగతా ముగ్గురూ విశాఖ వాళ్లు, అక్కణ్నుంచి ఒక్కరోజులో తొక్కుకుంటూ వచ్చేశారు. నా సైకిల్ మాత్రం హైదరాబాద్ నుంచి పార్శిల్‌లో రావాలి. రెండ్రోజుల్లో అందుతుందన్న పార్శిల్ అయిదో రోజుకి వచ్చింది. అట్టపెట్టె ఒక మూల నలిగిపోయి ఉంది. విప్పి చూస్తానంటే, ముందు సంతకం పెట్టండి, తర్వాత చూసుకోండి అన్నాడు గోడౌన్‌లో అబ్బాయి. సంతకం పెట్టే కాగితం మీద ఏముందో తెలుసా? సరుకు బాగానే అందిందని. చూడకుండా బాగుందని ఎలా రాస్తానండీ? రాయకపోతే పెట్టె ఇవ్వడట. రాసి విప్పితే వెనక చక్రం వంకర, గేర్ల దగ్గర ముక్క లోపలికి వంగిపోయి ఉంది. కంప్లైంట్ ఇస్తానంటే బుక్ చేసిన ఊళ్లోనే ఇవ్వాలట. అంటే హైదరాబాద్ వెళ్లి, శ్రీకాకుళంలో పెట్టిన సంతకం తప్పని అక్కడ చెప్పాలి. అందులోనూ ఆ సంతకం నాదే! రైలైనా బస్సైనా పార్శిలైనా మన దగ్గర సైకిల్ అంటే లోకువే. బైకు పంపితే ట్యాంకుకు గోనెపట్టా చుడతారు, సైకిలైతే దాని మీద ఇంకో పది పెట్టెలు పేరుస్తారు.

సరే, నా తప్పూ ఉంది. పెట్టెలో పెట్టేముందు డీరెయిలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే భాగం) విప్పి లోపలికి కట్టాలని వీడియోలో చూసి కూడా బద్ధకించాను.

వంగిన ముక్కను డీరెయిలర్ హ్యాంగర్ అంటారు, డీరెయిలర్‌ను ఫ్రేముకు తగిలించేది అదే. బొటనవేలంత అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేముకు ఏమీ కాకుండా తను వంగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఒక్కో కంపెనీ ఫ్రేముకు ఒక్కో రకం. విశాఖలో రెండు షాపులకు ఫోన్ చేస్తే, తెప్పించాలి, వారం పడుతుంది అన్నారు. అప్పటికి మావాళ్ల సెలవులు అయిపోతాయి. మీరు ముగ్గురూ వెళ్లిపోండి అని చెప్పి, వాళ్లకు కనబడకుండా దొడ్లో నుయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

మేం దిగిన ఇంటి మామ్మగారు చూసేశారు. మొదటిరోజు గుమ్మంలోనే ఆవిడ మమ్మల్ని అడిగిన మొదటి మాట, "మీరెవరి తాలూకానమ్మా?" అని. ఇక్కడ అందరూ అదే అడుగుతారు. ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఎవరికి చుట్టాలు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే. ఎవరి తాలూకా కాదండీ, ఫోన్‌లో పరిచయం అంటే ఆవిడకు అర్థం కాలేదు. పెళ్లికాని పిల్లలు నలుగురు, ఫోన్‌లో పరిచయం! నాలుగు రోజులు మమ్మల్ని అనుమానంగానే చూస్తూ, కడుపునిండా చోడి (రాగి) అంబలి పోశారు. ఆ సాయంత్రం మాత్రం, "సైకిలుకేనా ఏడుపు? ఆ సందు చివర ముసలాయన్ని అడగరాదా" అన్నారు.

షాపు అంటే రేకుల షెడ్డు, ఒక గాలి పంపు, నీళ్ల తొట్టి, గోడకు వేలాడే పాత టైర్లు. ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం ఒకసారి తిప్పి, "ఎవులమ్మా ఇలగ తొక్కీసారు?" అన్నారు. చక్రం బెండు అరగంటలో తీసేశారు. చువ్వ చువ్వనీ వేలితో మీటి, ఆ చప్పుడు విని ఒకదాన్ని బిగించి, ఇంకోదాన్ని వదులు చేసి. గేర్ల ముక్క దగ్గర మాత్రం ఆగిపోయారు. ఇలాంటిది ఆయన ఎప్పుడూ చూడలేదు. సుత్తితో కొడితే విరిగిపోతుందని ఆయనకు చెప్పకుండానే తెలిసింది. డీరెయిలర్ విప్పించి, అది బిగించే కంతలో డబ్బాలోని మరమేకులు ఒక్కోటీ పెట్టి చూశారు. కాసేపటికి, "ఇది ఇరుసు మర" అన్నారు. అంటే ఆ కంతలో మర, సైకిల్ చక్రం ఇరుసు మీది మర ఒకటేనని.

లోపలికి వెళ్లి ఒక పిల్లల గేరు సైకిల్ తెచ్చారు. మనవడిది. దాని వెనక చక్రం ఊడదీసి, ఇరుసు కొస నట్టు తీసి, నా సైకిల్ కంతలో పెట్టి తిప్పితే సరిగ్గా పట్టేసింది! ఇప్పుడు నా చక్రం, దాని పక్కనే వాడి చక్రం. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే ముక్క సరిగ్గా ఉన్నట్టు. చీపురుపుల్ల ఒకటి విరిచి రెండు చక్రాల మధ్య పెట్టారు. కింద బిగుతుగా పట్టింది, పైన వేలెడు ఖాళీ. చిన్న చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం, ఇంకొంచెం వంచి, మళ్లీ పుల్ల పెట్టి, మళ్లీ వంచి. ప్రతిసారీ నేను కళ్లు మూసుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది. మా ఫ్రెండ్ ఫోన్ లైటు పట్టుకుంది. గంటన్నర పట్టింది. చివరికి పైనా కిందా ముందూ వెనకా పుల్ల ఒకేలా దూరింది.

ఇంతలో ఆ పిల్లాడు ట్యూషన్ నుంచి వచ్చాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. చక్రం లేని తన సైకిల్‌ని, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. వాడి చక్రం మళ్లీ బిగించడానికి ఇరుసులో గుళ్లు సర్దాలి, ఆ చీకట్లో కుదరదు. అంటే పొద్దున్న బడికి వాడు నడిచి వెళ్లాలి. "ఎవరి తాలూకా తాతా వీళ్లు?" అన్నాడు కోపంగా.

"మన తాలూకానేరా గుంటడా. ఎల్లి బువ్వ తిను" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే.

నేను అక్కడే ఏడ్చేశాను. ఆరు రోజులుగా ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు మరి.

డబ్బులు ఎంతంటే బెండుకు ఎనభై అన్నారు. మరి ఇదో? "దీనికి నా కాడ రేటు లేదమ్మా, ఎప్పుడూ సెయ్యలేదు కదా" అన్నారు. ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఫొటో తీస్తాను, షాపు పేరుతో పెడతాను అంటే, వద్దు, పెడితే అందరూ ఊరికే చెయ్యమని వస్తారని నవ్వారు. అందుకే పేరు రాయడం లేదు తాతా. ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తే చాలు. మీ మనవడికి సైకిల్ బెల్లు కొని మామ్మగారి చేతికిచ్చాను, ఆవిడ పంపిస్తానన్నారు. నడిపించినందుకు వాడికి సారీ కూడా చెప్పండి.

ఇవాళ సాయంత్రం ఆమదాలవలస దాకా వెళ్లి వచ్చాను. ఎనిమిది గేర్లూ పడుతున్నాయి. అన్నిటికన్నా చిన్నదాంట్లో కాస్త టిక్ టిక్ అంటోంది. అననివ్వండి.

మేం దిగిన ఇంటి అన్నయ్యకూ వదినకూ ఎంత చెప్పినా తక్కువే. రెండు రాత్రులని చెప్పి ఆరు రాత్రులు హాలంతా ఆక్రమించాం, గోడకు టైర్ల మరకలు పెట్టాం. రథసప్తమికి ముందే వచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇరవైమంది చుట్టాల మధ్య సైకిళ్లను అటక మీద పెట్టాల్సొచ్చేదని అన్నయ్య జోకులేస్తున్నాడు. నన్ను వదిలేసి వెళ్లని నా ముగ్గురు కోతులకు థాంక్స్. అమ్మా, నాన్నా, సున్నుండలు అందాయి, డబ్బులూ అందాయి, రోజూ రాత్రి ఫోన్ చేస్తాను, టెన్షన్ పడకండి.

అయ్యో, ఆటో అన్నను మర్చేపోయాను. గోడౌన్ నుంచి ఆ పెట్టెను ఆటో పైన తాడుతో కట్టి, ప్రతి గతుకు దగ్గరా దిగి చూసుకుంటూ తెచ్చాడు. ఆయన చూపించిన జాగ్రత్తలో పావువంతు పార్శిల్ వాళ్లు చూపించి ఉంటే ఈ పోస్టే లేదు. మందుల షాపులో మోకాలికి ఏ పట్టీ కొనాలో చెప్పి, ఖరీదైనది వద్దని తిప్పి పంపిన ఆవిడకు కూడా.

ఇంకా ఎవరో ఉన్నారని ఫ్రెండ్ పక్క నుంచి పొడుస్తోంది. అవును, ఎదురింటి ఆంటీ! నిన్న మేం షాపు దగ్గర ఉండగా దండెం మీద ఆరేసిన మా బట్టలు మంచుకి తడవకుండా తీసి, మడతపెట్టి ఉంచారు. నా నీలం సాక్సు ఒకటి మీ ఇంట్లోనే ఉండిపోయినట్టుంది ఆంటీ, పొద్దున్న నాలుగింటికి తలుపు కొడితే తిట్టకండి.