విల్లు ఎవరిది?

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన బొమ్మల కథ రెండు విడతలూ చదివాను. "నా నాయిక బలంగా ఉందా అమ్మా, ఇంకేమైనా శక్తులు ఇవ్వమంటావా?" అని అడిగావు. ఫోనులో చెబితే సగం చెప్పి ఊరుకుంటానని రాస్తున్నాను.

బలానికేమీ లోటు లేదు. ఎగురుతుంది, గోడలు పగలగొడుతుంది, తూటా తగిలినా చావదు. ఇంకో శక్తి ఇస్తే మోయలేక కథే కుంగిపోతుంది. నాకు అనుమానం వచ్చింది వేరే చోట. ఆమె కవచం మామయ్య తయారుచేసి ఇచ్చాడు. ఆమె కోపం అన్నయ్య చావు వల్ల వచ్చింది. ఎటు వెళ్ళాలో, ఎవరిని కొట్టాలో చెవిలో పెట్టుకున్న యంత్రంలో ఒక పెద్దమనిషి చెబుతుంటాడు. మరి ఇందులో ఆ అమ్మాయి సొంతం ఏమిటి?

నువ్వొక్కడివే ఇలా రాశావని అనుకోకు. మహాకవులే ఇక్కడ తడబడ్డారు. పోతన దగ్గర నుంచే మొదలుపెడతాను. సంస్కృత భాగవతంలో నరకుడి మీదికి వెళ్ళేటప్పుడు కృష్ణుడు సత్యభామను గరుడుడి మీద వెంట తీసుకువెళతాడు, అంతే. ఆమె బాణం వేయదు. ఆమె చేతికి విల్లు వచ్చింది తెలుగులో. పద్నాలుగో శతాబ్దిలో నాచన సోమన తన ఉత్తర హరివంశంలో ఆమె చేత యుద్ధం చేయించాడు. తరవాతి శతాబ్దిలో పోతన ఆ ఘట్టాన్ని అందుకుని ఇంకా వెలిగించాడు. జడ ముడి చుట్టి, కోక ముడి బిగించి, పైట సర్దుకుని ఆమె లేచి నిలబడుతుంది. ఎక్కడ అనుకున్నావు? మొగుడి వెనక కాదు, ముందు. శత్రువును నొప్పించేలా, భర్తను మెప్పించేలా ఒక్కసారే చూస్తుంది. కనుబొమ ముడీ చిరునవ్వూ ఒకే ముఖంలో. ఆ పద్యాలు చదువుతుంటే ఇప్పటికీ నాకు వెన్ను నిటారవుతుంది.

అయితే ఆ ఘట్టానికి రెండు అంచులున్నాయి, వాటిని కూడా చూడు. ఆమె లేవగానే కృష్ణుడు నవ్వుతూ అంటాడు: రాక్షసులను మేము గెలవలేమా, నువ్వెందుకు లేచావు, మానవంటే ఇదుగో, సరదాగా విల్లు పట్టుకో అని. అంటే విల్లు ఆయనిచ్చినది, అదీ ఆటకు. తరవాత ఆమె రాక్షస సేనను చెల్లాచెదురు చేస్తుంది. అప్పుడు ఆయన మెచ్చుకుని ఏమిస్తానంటాడు? నువ్వు కోరిన ఆభరణాలన్నీ. ఆ తరవాత యుద్ధం మళ్ళీ ఆయన చేతికి వస్తుంది, నరకుడి తల ఆయన చక్రంతోనే తెగుతుంది. సేనను తరిమిన మగవాడికి కథలో రాజ్యం దక్కుతుంది, ఆడదానికి నగలు దక్కుతాయి. జనం మాత్రం నరకుణ్ణి చంపింది సత్యభామే అని చెప్పుకుంటూ వచ్చారు. ఈ ఒక్క విషయంలో నేను జనం పక్షం. పోతన పద్యమంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు కాబట్టి దీన్ని అపచారం కింద జమకట్టవనుకుంటాను.

యుద్ధానికి దిగిన ఆడదానితో ఏం చేయాలో కథకులకు ఎప్పుడూ పాలుపోలేదు. గ్రీకుల కథల్లో పెంతెసిలియా అమెజాన్లనే వీరవనితల రాణి. ట్రాయ్‌కు సాయంగా తన సేనతో వచ్చింది. గ్రీకు వీరుడు అకిలీస్ ఆమెను పొడిచి చంపే క్షణంలో ఆమె మీద ప్రేమలో పడ్డాడట. క్రీస్తుపూర్వం 530 ప్రాంతంలో ఎక్సెకియాస్ అనే కళాకారుడు ఆ క్షణాన్ని ఒక కూజా మీద చిత్రించాడు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈటె ఆమె గొంతులో దిగుతుంటే ఇద్దరి చూపులూ కలుస్తాయి. బొమ్మ అద్భుతం, కథ మీద మాత్రం నాకు ఒళ్ళు మంట. మన జైమిని భారతంలో స్త్రీరాజ్యాన్ని ఏలే ప్రమీల చావదు, అదొక్కటే నయం. ఆమెను యుద్ధంలో గెలవలేక అర్జునుడు పెళ్ళాడతాడు. ఓడితే చావు, ఓడకపోతే పెళ్ళి. మూడో దారి వాళ్ళకు తట్టలేదు.

ఇక నువ్వు తలకెత్తుకునే కామిక్స్ సంగతి. వండర్ వుమన్ 1941లో పుట్టింది. సృష్టికర్త విలియం మార్స్‌టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. రక్తపోటును బట్టి అబద్ధాన్ని పట్టే పరీక్ష మీద పనిచేసినవాడు కూడా. నిజం చెప్పించే తాడు ఆమె చేతికి ఇచ్చింది అలాంటివాడంటే ఆశ్చర్యం లేదు. ఆడపిల్లలకు కూడా ఒక బలమైన నాయిక ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. కానీ అదే చేత్తో ఒక నియమం పెట్టాడు: మగవాడు ఆమె చేతి కంకణాలకు గొలుసు అతికిస్తే ఆమె బలం పోతుంది! 1942లో ఆమెను సూపర్‌హీరోల సంఘంలోకి తీసుకున్నారు, ఏ పదవికో తెలుసా? కార్యదర్శిగా. మగవాళ్ళు యుద్ధానికి వెళితే ఆమె ఆఫీసులో ఉండి లెక్కలు రాసుకోవాలి. 1968లో ప్రియుడి కోసం శక్తులన్నీ వదులుకున్నట్టు రాసి, బట్టల దుకాణం పెట్టించారు. 1972లో స్త్రీవాది గ్లోరియా స్టైనమ్ తదితరులు మొదలుపెట్టిన మిస్ అనే స్త్రీల పత్రిక ఆమెను ముఖచిత్రంగా వేసి, అమెరికా అధ్యక్ష పదవికి నిలబెట్టింది. 1973లో శక్తులు తిరిగి వచ్చాయి. బలమైనదాన్ని సృష్టించడం కష్టం కాలేదు వాళ్ళకు. సృష్టించిన తరవాత ఆమెను భరించడమే కష్టమైంది.

2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆమెను స్త్రీల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. ఆ చాలీచాలని వేషంలో ఉన్న బొమ్మను ఆడపిల్లలకు ఆదర్శంగా చూపిస్తారా అని దాదాపు 45,000 మంది సంతకాలు చేశారు. డిసెంబరులోనే ఆ హోదా ముగిసింది. వేషం గురించి నేను పెద్దగా దెబ్బలాడను. నీ నాయిక మడమల చెప్పులతో కప్పుల మీద పరుగెత్తడం మాత్రం కుదరదు, ఒకసారి నువ్వే తొడుక్కుని చూడు.

సూపర్‌గర్ల్ మాట కూడా చెప్పాలి. 1959లో భూమి మీదికి వచ్చింది, అన్న వరసయ్యే సూపర్‌మన్‌కు ఉన్న శక్తులన్నీ ఉన్నాయి. ఆయన ఆమెను అనాథాశ్రమంలో దాచి, తన రహస్య ఆయుధంగా ఉండమన్నాడు. లోకానికి ఆమెను పరిచయం చేసింది 1962లో. ఆ మధ్యలో ఆ పిల్ల దొంగచాటుగా మంచిపనులు చేసుకుంటూ గడిపింది.

1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఒక జాబితా తయారుచేసింది. కామిక్స్‌లో చంపబడ్డ, చిత్రహింసకు గురైన, శక్తులు పోగొట్టుకున్న ఆడవాళ్ళ పేర్ల జాబితా అది. అందులో చాలామంది చావుకు ఒకటే ప్రయోజనం: హీరోకు కోపం తెప్పించడం. తరవాత ఆమే కామిక్స్ రచయిత్రి అయి వండర్ వుమన్ కథలు రాసింది, అది నాకు భలే నచ్చిన సంగతి. నువ్వు ఈ గొడవ విని ఉంటావు, అందుకే కాబోలు చెల్లెలికి బదులు అన్నయ్యను చంపావు. తిరగేసినంత మాత్రాన సరిపోదు నాయనా. రెండు బొమ్మల్లో పుట్టి మూడో బొమ్మలో చచ్చే మనిషి మగవాడైనా అట్టముక్కే. పైగా, కోపం రావాలంటే ఎవరో చావాలా? అన్యాయం చూస్తే ఆమెకు తనంతట తనకు కోపం రాకూడదా?

నన్నయ శకుంతలకు వచ్చింది. నీకు కాళిదాసు కథ బాగా తెలుసు: దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం, నిజంగానే మరిచిపోయిన రాజు. భారతంలో ఆ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రాజుకు అన్నీ గుర్తున్నాయి, నిండు సభలో అబద్ధమాడతాడు. కొడుకు చేయి పట్టుకుని వచ్చిన శకుంతల కంటతడితో ఆగదు. తెలిసి కూడా తెలియదని ఎందుకంటున్నావని నిలదీస్తుంది. నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక నిజమైన మాట మేలు అంటుంది. కొడుకును పక్కన పెట్టుకుని ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. కొడుకు కోసం వచ్చింది, అయినా నిజాన్ని కొడుకు కంటే పైన పెట్టింది. నిజమే, చివరికి ఆకాశవాణి పలికితే గానీ రాజు ఒప్పుకోడు. అప్పటికి ఆమె అనవలసినదంతా అనేసింది, అది ముఖ్యం. కాళిదాసు శకుంతలకూ కోపం వస్తుంది, కానీ ఆ కోపం ఏమీ చేయలేదు, ఉంగరం దొరికేదాకా కథ ఆగాలి. నాటకం గొప్పదనాన్ని నేనేమీ కాదనను. కానీ రాజు తప్పును శాపం మీదికి నెట్టడంతో ఆమెకు వాదించడానికి ఎదురుగా దోషే లేకుండా పోయాడు. శకుంతల చేతిలో కత్తి లేదు. అయినా ఇద్దరిలో వీరనారి ఎవరని అడిగితే నేను తడుముకోను.

సావిత్రిని కూడా ఇలాగే చిన్నది చేశాం. పతివ్రత అని ఒక్క మాటలో తేల్చేస్తాం. రథమెక్కి దేశాలు తిరిగి తన వరుణ్ణి తానే వెతుక్కున్న పిల్ల అని, ఏడాదిలో చచ్చిపోతాడని నారదుడు చెప్పినా మాట మార్చుకోలేదని, యముడితో నడుస్తూ మాట్లాడి, తనకు నూరుగురు కొడుకులు కావాలనే వరంతో ఆయన్ను ఇరికించిందని ఎవరూ గుర్తుచేసుకోరు.

పల్నాటి నాగమ్మ విషయం వేరు. నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన నాయకురాలు. అవతలి పక్షాన మలిదేవుడికి బ్రహ్మనాయుడు. ఇద్దరూ ఎత్తులు వేసినవాళ్ళే, ఇద్దరి పట్టుదలకూ కారంపూడిలో వీరులు కూలారు. కానీ కథ చెప్పేవాళ్ళు ఆయన్ను మహనీయుణ్ణి చేసి, ఆమెను మాయలాడిని చేశారు. వీరకావ్యంలో ఆడదానికి ఆమోదం దొరికేది మాంచాలలా భర్తను యుద్ధానికి పంపితే. తానే యుద్ధం నడిపితే కాదు. నీ కథలో విలన్ ఒక కంపెనీ యజమాని, పళ్ళు కొరుకుతూ నవ్వుతాడు. అతని స్థానంలో నాగమ్మ లాంటి మనిషిని పెట్టి చూడు. తన వాళ్ళను తాను కాపాడుకుంటున్నాననే నమ్మకం, దానికి తగ్గ తెలివీ ఉన్న మనిషిని. అప్పుడు నీ నాయిక కండలే కాకుండా బుర్ర కూడా వాడవలసి వస్తుంది.

నీ మొదటి పేజీలో ఆమె వెనక దేవి నీడ వేశావు. దేవత వేరు, నాయిక వేరు. దేవతకు భయం ఉండదు, అలసట ఉండదు. ఆడవాళ్ళను శక్తిస్వరూపిణులని పొగిడేవాళ్ళు చాలాసార్లు ఆ పొగడ్తతో చేతులు దులుపుకుంటారు, శక్తి ఉంది కదా ఇక సాయమెందుకు అని. అయినా ఆ నీడను తీసేయమనను, ఎందుకంటే దేవీ మాహాత్మ్యంలో నీకు పనికివచ్చే ఘట్టం ఒకటుంది. దేవతలందరి తేజస్సూ కలిసి ఆమె రూపమైంది, శివుడు శూలమూ విష్ణువు చక్రమూ ఇచ్చారు అనే భాగం అందరికీ తెలుసు. అక్కడితో ఆగితే ఆమె కూడా నీ నాయిక లాగే, ఎవరో ఇచ్చిన కవచం తొడుక్కున్న పిల్ల. కానీ చివరి యుద్ధంలో శుంభుడనే రాక్షసుడు సరిగ్గా ఇదే దెప్పుతాడు: ఇతరుల బలం మీద ఆధారపడి పోరాడుతూ గర్వమెందుకు అని. దానికామె, ఈ జగత్తులో ఉన్నది నేనొక్కదాన్నే, నేను కాక రెండోది ఎవరు అంటుంది. వెంట ఉన్న శక్తులన్నీ ఆమెలోకి వెళ్ళిపోతాయి.

2019లో వచ్చిన కెప్టెన్ మార్వెల్ సినిమాలోనూ ఇదే ప్రశ్న. నీ శక్తి మేమిచ్చినది, మేమే తీసుకోగలం అని నాయికకు నేర్పుతారు. మెడ మీద ఒక చిప్ పెడతారు. అది ఆమెకు బలమివ్వడానికి కాదు, ఉన్న బలాన్ని తొక్కిపెట్టడానికని తరవాత తెలుస్తుంది. చివర్లో గురువు, శక్తులు లేకుండా నాతో పోరాడి నిరూపించుకో అంటే, నేను నీకు నిరూపించవలసినదేమీ లేదని తేల్చేస్తుంది. మిగతా సినిమా నాకు సగం అర్థం కాలేదు, ఆ మాట మాత్రం అర్థమైంది.

ఇప్పుడు నీ రెండో విడత ఏడో పేజీ తెరువు. వానకు చెవిలోని యంత్రం పాడవుతుంది. తరవాత రెండు బొమ్మల్లో ఆమె ఒక్కతే నిలబడి చుట్టూ చూస్తుంది. మొత్తం కథలో ఆమె ఆలోచిస్తున్నట్టు కనబడేది అక్కడే. ముఖం కూడా బాగా కుదిరింది. మూడో బొమ్మలో యంత్రం మళ్ళీ పనిచేస్తుంది, పెద్దమనిషి గొంతు వినిపిస్తుంది, ఆమె పరుగెడుతుంది. ఆ వానను తీసేయి. యంత్రాన్ని ఆమే తీసి జేబులో వేసుకోనీ. తరవాత ఎటు వెళుతుందో నీకు కూడా వెంటనే తెలియకపోవచ్చు, రెండు రోజులు ఆగు. తప్పు దారిలో వెళ్ళినా పరవాలేదు, ఆ తప్పు ఆమెదే అవుతుంది.

కవచానికి జేబు లేదంటావేమో, గీయి. మామయ్య మరిచిపోయాడు, ఆమే కుట్టుకుంది.

మీ నాన్నగారు కూడా చదివారు. ఆయనకు విలన్ మీసం నచ్చిందట, అది మార్చవద్దని చెప్పమన్నారు. మూడో విడత పూర్తి కాకపోయినా సరే, పెన్సిల్ గీతల దశలోనే పంపు.

అమ్మ