మసకకు ‘పాత లుక్’ అని పేరు పెట్టి అమ్ముతున్నారు

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల (లెన్స్‌లోంచి కాక పక్క కిటికీలోంచి చూసి, రెండు బొమ్మలను ఒకటి చేసి ఫోకస్ పెట్టేవి) మీద వచ్చిన వ్యాసం చదివి సంతోషించాం. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కుర్రాళ్ళు మళ్ళీ రీలు కెమెరా పడుతున్నారు. అయితే స్టాండర్డ్ లెన్స్ (50 ఎంఎం) ఎంపిక దగ్గర వ్యాసకర్త ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎంత పెద్దదైతే అంత మంచిదని తేల్చేశారు. కొత్తగా కొనేవాళ్ళు ఆ మాట పట్టుకుంటే డబ్బు పోగొట్టుకుంటారు.

50 ఎంఎం లెన్స్‌కు ఒక తీరు వచ్చేది ఎఫ్ నంబరు (ఇది చిన్నదైతే రంధ్రం పెద్దది) వల్ల కాదు, లోపల గాజులు అమర్చిన పద్ధతి వల్ల. జర్మనీ కంపెనీ జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ ఎఫ్ 2 1932లో కాంటాక్స్ కెమెరాతో వచ్చింది. ఆరు గాజులు, ఒకదానికొకటి అతికించిన గుంపులు మూడే. గాలి తగిలే గాజు ఉపరితలాలు ఆరే కాబట్టి, వెలుగు లోపల చిమ్మకుండా ఆపే పూతలు (కోటింగులు) లేని ఆ రోజుల్లో కూడా నలుపు నలుపుగానే పడేది. సోవియట్ జూపిటర్-8 ఆ అమరికే. పూర్తిగా తెరిస్తే మధ్యభాగం పదునుగా ఉండి, దాని మీద పల్చటి వెలుగు పొర పరుచుకుంటుంది. వెనకున్నవి మెత్తగా కరిగిపోతాయి. ముఖాలు తీసేవాళ్ళకు మా ఓటు దీనికే. చీమకుర్తి క్వారీల్లో కోసిన రాతి గీతలు, ఉదయగిరి కోట గోడలు తీసేవాళ్ళకు సోవియట్ లెన్సే అయిన ఇండస్టార్-61 మేలు. 55 ఎంఎం, ఎఫ్ 2.8, నాలుగే గాజులు, గీత గీసినట్టు తీస్తుంది. మూలలదాకా ఒకేలా ఉండాలంటే కెనాన్ 50 ఎఫ్ 1.8, లైకా సమ్మిక్రాన్ ఉన్నాయి.

అసలు చిక్కు వేరే ఉంది. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్‌లోంచి చూడం. లోపల బూజు పట్టినా, ఫోకస్ తప్పినా వ్యూఫైండర్‌లో అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. రీలు కడిగించాక గానీ బయటపడదు. అమ్మేవాళ్ళు కొందరు అప్పుడు కూడా ఇదే పాత లెన్స్ అందం అంటారు. తేడా పట్టుకోవడం తేలిక. ఎండకు ఎదురుగా నల్లటి వస్తువును ఎఫ్ 2లో ఒకటి, ఎఫ్ 5.6లో ఒకటి తీయండి. అమరిక వల్ల వచ్చిన వెలుగు పొర ఎఫ్ 5.6కు వచ్చేసరికి పోతుంది. రెండింట్లోనూ నలుపు బూడిదరంగులోనే ఉంటే అది మసక, అందం కాదు.

కొనే ముందు చీకటి గదిలో ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక గాజు వైపు నుంచి టార్చి లైటును ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెపోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే గాజుల మధ్య జిగురు విడిపోతోంది, ఆ లెన్స్ కొనకండి. చిన్న దుమ్ము చుక్కలతో ఏ నష్టమూ లేదు. కెనాన్ ఎఫ్ 1.8లో ఎపర్చర్‌కు వెనకున్న గాజు మీద మసక తరచూ ఉంటుంది. అది గాజును తినేసి ఉంటే తుడిచినా పోదు. లైకా పాత సమ్మిటార్, ముడుచుకునే సమ్మిక్రాన్‌ల ముందు గాజు మెత్తన, తుడిచి తుడిచి సన్న గీతలు పడి ఉంటాయి. ఎపర్చర్ రేకుల మీద నూనె ఉన్నా ఈ లెన్సుల్లో రేకులు మామూలుగానే తిరుగుతాయి. కానీ ఆ నూనె ఆవిరై గాజుల మీదే చేరుతుంది.

ఇక ఫోకస్. 1 మీటరు దూరంలో ఎఫ్ 1.4కు పదునుగా పడే మేర సుమారు 3 సెంటీమీటర్లే, ఎఫ్ 2కు నాలుగున్నర. సోవియట్ కెమెరాల్లో ఫెడ్-2కు రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరం (బేస్) 67 మి.మీ., జోర్కి-4కు 38 మి.మీ. మాత్రమే. అంత చిన్న బేస్ మీద ఎఫ్ 1.4, 1.5 లెన్సులు దగ్గర దూరాల్లో నమ్మకంగా పనిచేయవు. లైకా ఎం కెమెరాకు పాత స్క్రూ (మర తిప్పి బిగించే) లెన్స్‌ను బిగించే అడాప్టర్ రింగు మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి. చవక అడాప్టర్లలో ఆ కొలత తప్పితే దూరపు ఫోకస్ కూడా తప్పుతుంది. కిలోమీటరు అవతలి సెల్ టవర్ మీద రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయో లేదో ముందు చూసుకోండి.

దగ్గర దూరానికి మీ పత్రికే పనికొస్తుంది. పేజీని గోడకు ఏటవాలుగా ఆనించి, 1 మీటరు నుంచి ఒక వార్త శీర్షిక మీద ఫోకస్ పెట్టండి. ఫెడ్-2, జోర్కి-4 కెమెరాల వెనక తలుపు పూర్తిగా ఊడి వస్తుంది. రీలు ఆనే లోపలి పట్టాల మీద గరుకు పారదర్శక టేపు అంటించి, షట్టర్‌ను ‘బి’లో (మీట నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్థానం) తెరిచి ఉంచి భూతద్దంతో చూస్తే రీలు ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. శీర్షికకు ముందున్న వరుసలు పదునుగా ఉంటే లెన్స్ బ్లాకు (గాజులున్న లోపలి భాగం) కింది షిమ్, అంటే సన్న లోహపు రింగు, పల్చన చేయాలి, వెనకవి పదునుగా ఉంటే మందం చేయాలి. సోవియట్ లెన్సులు లైకా మీద అన్ని దూరాలకూ కచ్చితంగా కుదరవు. ముఖాలు తీసే 1.5 నుంచి 2 మీటర్ల దగ్గర సరిచేయించుకోండి. సోనార్ రకంలో ఇంకో గుణం ఉంది. ఎపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరుగుతుంది. ఎఫ్ 2.8, 4లో దగ్గరి ముఖం తీసేటప్పుడు కంటి మీద కాక ముక్కు కొన మీద ఫోకస్ పెట్టాలి.

మన ఎండ సంగతీ చూసుకోవాలి. ఐఎస్ఓ (వెలుగును పట్టే వేగం) 100 రీలుతో మధ్యాహ్నం 1/1000 సెకనుకు ఎఫ్ 5.6 వస్తుంది. ఎఫ్ 2 వాడాలంటే మూడు స్టాపుల (వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే) ఎన్డీ8 ఫిల్టర్ కావాలి. జూపిటర్-8కీ ఇండస్టార్-61కీ 40.5 మి.మీ. సైజు సరిపోతుంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ రాత్రుల్లో, దుకాణాల వెలుగులో ఐఎస్ఓ 400కు ఎఫ్ 2, 1/60 చాలు. ఎఫ్ 1.4 లేదని బెంగ అక్కర్లేదు.

మైపాడు, కొత్తపట్నం బీచుల్లో మూత తీసిన లెన్స్‌ను సూర్యుడి వైపు పెట్టి ఉంచకండి. ఈ కెమెరాల్లో అడ్డంగా అద్దం ఉండదు. ఎండ నేరుగా గుడ్డ షట్టర్ మీద పడి రంధ్రం చేస్తుంది. సముద్రపు గాలి తగిలిన రోజే లెన్స్ బయటి భాగాన్ని పొడి గుడ్డతో తుడవండి. తోలు సంచిలో దాచకండి, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. రబ్బరు అంచున్న గాలిచొరబడని డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారితే సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే తిరిగి డబ్బాలో వేయండి.

ఇట్లు,
కొందరు ఫిల్మ్ ఫొటోగ్రాఫర్లు,
నెల్లూరు