ఎంటెక్: వాకిట్లో కాపలా, పెరటి తలుపు బార్లా

సంపాదకునికి,

అయ్యా,

ఎంటెక్ సీట్ల కోసం రాష్ట్రంలో జరిగే ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ కౌన్సెలింగ్ వార్త మీ పత్రికలో వచ్చిన రోజు సాయంత్రమే మా వీధి కుర్రవాడొకడు మా ఇంటికి వచ్చాడు. రెండేళ్ల కిందట సివిల్‌లో బీటెక్ పూర్తిచేసి, కాజీపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ పనిలో సైట్ ఇంజినీరుగా చేరాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు. "సార్, కాలేజీకి వెళ్లనక్కరలేని ఎంటెక్ ఎక్కడ దొరుకుతుందో మీకు తెలిసే ఉంటుంది కదా?" అడగడంలో సంకోచమేమీ లేదు. సన్నబియ్యం ఏ కొట్లో బాగుంటాయని అడిగినట్టే అడిగాడు. ఒక కళాశాల తరఫున ఎవరో అప్పటికే ఫోన్ చేసి, పరీక్షలకు వస్తే చాలు, హాజరు సంగతీ, చివర ఇవ్వాల్సిన పరిశోధన నివేదిక, అదే థీసిస్ సంగతీ తాము చూసుకుంటామని చెప్పారట. ఫీజు ఎంతో కూడా చెప్పారట.

నేను ఇరవై రెండేళ్లు కాంక్రీటు పాఠం చెప్పి నిరుడు పదవీ విరమణ చేశాను. ఎంటెక్ వైవాలకు, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలకు, ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకుడిగా కూడా చాలాసార్లు వెళ్లాను. కాబట్టి ఆ ఫోన్ మాట నాకు కొత్త కాదు. కానీ ఇంత బాహాటంగా, ఇంత మామూలు విషయంగా మారిపోయిందని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

కాగితం మీద చూస్తే ఎంటెక్ ప్రవేశానికి కాపలా గట్టిదే. సంబంధిత శాఖలో బీటెక్ ఉండాలి, అందులో జనరల్ అభ్యర్థికి 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం మార్కులు ఉండాలి. సీట్ల కేటాయింపులో జాతీయ స్థాయి పరీక్ష గేట్‌లో అర్హత ఉన్నవారికి మొదటి పిలుపు, తరువాతే పీజీఈసెట్ ర్యాంకర్లు. పీజీఈసెట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అర్హతకు 25 శాతం, అంటే 30 మార్కులు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల షరతు లేదు. గేట్ అయితే మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఇక కౌన్సెలింగులో ధ్రువపత్రాల పరిశీలన రోజున మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని పిల్లలు పడే తిప్పలు చూసినవారికి, ఈ రాష్ట్రంలో ఎంటెక్ సీటు సంపాదించడం సామాన్యం కాదనిపిస్తుంది. ఇంత తతంగం ముగిశాక మిగిలిపోయిన సీట్లను కళాశాలలు స్పాట్ అడ్మిషన్లతో నింపుకుంటాయి. అక్కడికి వచ్చేసరికి ర్యాంకు మాట వెనక్కి పోయి ఫీజు మాట ముందుకు వస్తుంది. అయినా ఈ లేఖలో నా గొడవ ప్రవేశం గురించి కాదు. తక్కువ ర్యాంకుతో చేరి బాగా చదివినవారిని చాలామందిని చూశాను. నా గొడవంతా చేరిన తరువాతి రెండేళ్ల గురించి.

సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళికలో ఎంటెక్‌కు 68 క్రెడిట్లు, అంటే చదువు బరువును కొలిచే పాయింట్లు. అందులో 26 క్రెడిట్లు థీసిస్‌కే. అంటే పట్టాలో మూడో వంతుకు పైగా విద్యార్థి సొంతంగా చేయాల్సిన పని. పరీక్ష రాసే రోజున మనిషి రాక తప్పదు కాబట్టి మిగతా భాగం ఎలాగో గట్టెక్కుతుంది. 75 శాతం హాజరు నిబంధనకు ఏం గతి పడుతోందో విద్యార్థులను అడిగితే నవ్వి ఊరుకుంటారు. అన్నిటికంటే అధ్వాన్నమైనది థీసిస్ సంగతి.

ఒక ఉదాహరణ చెబుతాను. కళాశాల పేరు చెప్పను, అది ఒక్క కళాశాల జబ్బు కాదు. కొన్నేళ్ల కిందట స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ వైవాకు వెళ్లాను. సిమెంటులో కొంత తీసి దాని బదులు ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద కలిపితే కాంక్రీటు బలం ఎలా మారుతుందన్నది విషయం. రామగుండం, భూపాలపల్లి థర్మల్ కేంద్రాల బూడిద చేరువలో ఉన్నందువల్ల మా వైపు ఈ విషయం మీద వచ్చినన్ని థీసిస్‌లు మరి దేని మీదా రావు. అందులో తప్పేమీ లేదు, పనికొచ్చే విషయమే. అయిదు రకాల మిశ్రమాలు, ఒక్కో మిశ్రమానికి 7, 28, 56 రోజుల పరీక్షలు, ప్రతి పరీక్షకు మూడేసి క్యూబులు, అంటే బలం చూడటానికి పోసే ఘనాకారపు కాంక్రీటు దిమ్మెలు. మొత్తం 45 క్యూబులు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబు ఒక్కొక్కటి ఎనిమిది కిలోలు తూగుతుంది. అంటే ఆ విద్యార్థి మూడున్నర క్వింటాళ్లకు పైగా కాంక్రీటు కలిపి, పోసి, మర్నాడు అచ్చులు విప్పి, నీటి తొట్టిలో వేసి, రోజులు లెక్కపెట్టుకుని తీసి, మెషీన్ కింద పెట్టి పగలగొట్టి ఉండాలి. వైవాకు ముందు ల్యాబ్ చూస్తానన్నాను. నీటి తొట్టి అడుగున ఎండు ఆకులున్నాయి. అచ్చులు ఆరు ఉన్నాయి, వాటిలో రెండింటికి బోల్టులు లేవు.

నివేదిక వెనుక పట్టిక చూశాను. కాస్టింగ్ తేదీ జనవరి 3, 28 రోజుల పరీక్ష తేదీ జనవరి 14. పైగా ప్రతి మిశ్రమంలోనూ మూడు క్యూబుల బలం దశాంశంతో సహా ఒకటే. ఒకే బొచ్చెలో కలిపిన కాంక్రీటైనా మూడు క్యూబులూ మూడు రకాలుగా విరుగుతాయి. అందుకే కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కూడా సగటుకు అటూ ఇటూ 15 శాతం దాకా తేడాను ఒప్పుకుంటుంది. "బాబూ, 28 రోజులు 11 రోజుల్లో ఎలా అయ్యాయి?" అని అడిగాను. ఆ కుర్రవాడు తన థీసిస్ పని చూసే అధ్యాపకుడి, అదే గైడు వైపు చూశాడు. గైడు టైపింగు పొరపాటన్నారు. మూడు క్యూబుల సంగతీ టైపింగు పొరపాటేనా అన్నాను. భోజనానికి వేళయిందన్నారు.

నేను సంతకం చేయలేదు, పరీక్షలు మళ్లీ చేసి రమ్మని రాసి వచ్చాను. మూడు వారాలకు ఆ విద్యార్థి వైవా మరో ఎక్స్‌టర్నల్‌తో పూర్తయిందని తెలిసింది. మూడు వారాలంటే ఇరవై ఒక్క రోజులు, 28 రోజుల పరీక్షకైనా చాలవు. ఆ కళాశాల నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు. నేను వెళ్లిన చాలా చోట్ల ఎక్స్‌టర్నల్ పేర్ల జాబితా కళాశాల నుంచే వెళ్లేది కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవలసినదేమీ లేదు.

డబ్బు కట్టినవాడు కాగితం తీసుకుపోతే ఎవరికేం నష్టం అనేవారున్నారు. నష్టం ఉంది. ఇంజినీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి బీటెక్, ఎంటెక్ రెండూ ఉండి, వాటిలో ఏ ఒక్కదానిలోనైనా ప్రథమ శ్రేణి ఉంటే చాలు. కళాశాలలకు గుర్తింపు నిలవాలంటే ఇన్ని సీట్లకు ఇంతమంది ఎంటెక్ అధ్యాపకులని రికార్డులో చూపాలి. క్యూబు పోయకుండా పట్టా పొందినవారు రేపు ల్యాబ్‌లో నిలబడి బీటెక్ పిల్లలకు క్యూబు పోయడం నేర్పాలి. ఆ పిల్లల్లో ఒకరు మీ ఇంటి స్లాబు పని చూస్తారు.

పిల్లలదే తప్పని మాత్రం అననివ్వను. గేట్ అర్హతతో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది, దానికి బదులుగా వారానికి కొన్ని గంటలు ల్యాబుల్లో, తరగతుల్లో సాయపడాలి. మాకు కూతవేటు దూరంలో ఉన్న వరంగల్ నిట్‌లో ఆ పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా ల్యాబ్‌లో ఉండటం చూశాను. పీజీఈసెట్‌తో చేరినవారికి ఆ వేతనం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు. ఇరవై నాలుగేళ్లు వచ్చిన కొడుకు ఇంకా రెండేళ్లు ఇంటి మీద ఆధారపడి చదవాలంటే ఎంతమంది తల్లిదండ్రులు తట్టుకోగలరు? ఉద్యోగం మానలేనివారికి నిజాయితీ గల దారి ఉండాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, జేఎన్టీయూ ఉద్యోగస్తుల కోసం సాయంత్రం తరగతులతో ఆరు సెమిస్టర్ల పార్ట్‌టైమ్ పీజీ నడిపాయి. అది వరంగల్‌లో, కరీంనగర్‌లో, ఖమ్మంలో ఎందుకు ఉండకూడదు? రెండేళ్ల దొంగ హాజరు కంటే మూడేళ్ల సాయంత్రపు చదువు ఎంతో మేలు. మా వీధి కుర్రవాడికి ఆ అవకాశం ఇక్కడే ఉంటే నన్ను ఆ ప్రశ్న అడిగేవాడే కాదు.

ఇది పెద్ద పని, కాలం పడుతుంది. కానీ వచ్చే బ్యాచ్ నుంచే, పెద్దగా ఖర్చు లేకుండా విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఒకటుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2009లోనే నిబంధన తెచ్చింది. ఈ రోజు ఎవరైనా వాటిని దాచే శోధగంగ అనే వెబ్‌సైటులోకి వెళ్లి వాటిని చదువుకోవచ్చు, తప్పు పట్టవచ్చు. ఎంటెక్ థీసిస్‌కు ఆ గతి లేదు. గైడు, ఎక్స్‌టర్నల్ తప్ప మూడో మనిషి దాన్ని తెరవడు. ఇతరుల రచన ఎంత దించారో కొలిచే 2018 నాటి యూజీసీ నిబంధనలు 10 శాతం దాటితే చర్య అంటాయి గానీ, దించకుండా కల్పించిన అంకెలను ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. అదే పని చేసిన మరో మనిషి చూస్తేనే అవి దొరుకుతాయి.

అందుకని ప్రతి ఎంటెక్ థీసిస్‌నూ, ప్రయోగాల తేదీలున్న ల్యాబ్ రికార్డు పుటలతో సహా, గైడు పేరూ ఎక్స్‌టర్నల్ పేరూ కనబడేలా విశ్వవిద్యాలయం తన వెబ్‌సైటులో పెట్టాలి. నాలాంటి ముసలి మేస్టర్లం తీరికగా ఉన్నాం, చదువుతాం. సైట్ల మీద పనిచేసే ఇంజినీర్లు చదువుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, తన పేరు అందరికీ కనబడుతుందని తెలిసిన గైడు సంతకానికి ముందు ఒకసారి తేదీలు లెక్కపెట్టుకుంటారు.

దీనికి కొత్తగా టైపు చేయించవలసినది కూడా ఏమీ లేదు. నేను వెళ్లిన ప్రతి వైవాలోనూ బైండు చేసిన థీసిస్ వెనుక అట్టకు ఒక సీడీ అంటించి ఇచ్చేవారు. ఆ ప్రతులన్నీ బీరువాల్లో ఉన్నాయి. ఇప్పుడు కొత్త కంప్యూటర్లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదు కాబట్టి, ఆ పనేదో త్వరగా మొదలుపెట్టడం మంచిది.

ఇట్లు,
విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
హనుమకొండ